డెబ్బై అయిదు శాతం పుత్రరత్నం

మా ఇంట్లో రోజూ ఉదయం ఆరుంబావు నుంచి ఏడు దాకా జరిగే తంతుని మేలుకొలుపు అంటే ఏడుకొండలవాడు నొచ్చుకుంటాడు. ఆయన్ని లేపడానికి ఒక్క సుప్రభాతం చాలు. మావాణ్ణి లేపాలంటే నాలుగు అలారాలు, ఇద్దరు మనుషులు, ఒక ఫ్యాను స్విచ్చి, అవన్నీ విఫలమైతే చివరి అస్త్రంగా కిటికీ తెర కావాలి. అలారాలు నాలుగూ వాడే పెట్టుకుంటాడు, అయిదేసి నిమిషాల తేడాతో. నాలుగూ మోగుతాయి. వాడొక్కడు తప్ప ఇంటిల్లిపాదీ లేస్తాం. గోడవతల వాటావాళ్లు కూడా లేస్తారు. వాళ్లమ్మాయి మొన్న పదో తరగతిలో స్కూలు ఫస్టు వచ్చింది. ఆ ఘనతలో మా అలారాల వాటా ఎంతో ఎవరూ చెప్పరు.

మావాడు ఇంజనీరింగు. మెకానికల్, టూ-వన్. అంటే రెండో ఏడాది మొదటి సెమిస్టరని ఇప్పుడు నాకూ తెలుసు. కాలేజీ రాజమండ్రికి ఇరవై రెండు కిలోమీటర్ల అవతల, హైవే పక్కన జీడిమామిడి తోటల మధ్య ఉంది. కాలేజీ బస్సు ఏడూ పదికి మా సందు మొగలో ఆగి రెండుసార్లు హారను కొట్టి వెళ్లిపోతుంది. ఏడాది బస్సు ఫీజూ ముందే కట్టించుకున్నారు. డబ్బు కట్టిన ఆ సీటు మాత్రం రోజూ క్రమం తప్పకుండా కాలేజీకి వెళ్లి వస్తోంది. సీటుకి నూటికి నూరు శాతం అటెండెన్సు.

బద్ధకం అనుకునేరు. బద్ధకమైతే నాకింత బాధ ఉండేది కాదు. బద్ధకస్తులు మా వంశంలో కావలసినంత మంది ఉన్నారు, అందరూ సుఖంగానే బతికారు. వీడిది బద్ధకం కాదు, లెక్క.

యూనివర్సిటీ నిబంధన ఏమిటంటే, మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్యలో ఉంటే అనారోగ్యం పేరిట సర్టిఫికెట్టు పెట్టి, రుసుం కట్టి, కండొనేషన్ తెచ్చుకోవచ్చు. 65కి తగ్గితే డిటైన్. పరీక్ష రాయనివ్వరు, వచ్చే ఏడు జూనియర్ల పక్కన కూర్చుని ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. ఈ నిబంధన రాసిన పెద్దలు పిల్లలు ముప్పావు వంతు రోజులైనా కాలేజీకి రాకపోతారా అని ఆశపడి రాసుంటారు. మావాడు చదివింది వేరు. మిగిలిన పావు వంతూ తన ఆస్తి అని చదివాడు. ప్రభుత్వం నాకు ఏడాదికి 15 క్యాజువల్ లీవులిస్తే, వాటిలో ఒక్కటి కూడా డిసెంబరు 31 దాటనివ్వకుండా ఇరవై ఆరేళ్లుగా వాడుకుంటున్నవాణ్ణి కాబట్టి, ఈ విషయంలో వాణ్ణి గట్టిగా మందలించే నైతిక బలం నాకు లేదు. అయినా మందలిస్తూనే ఉన్నాను.

మొదటి మిడ్ ముందు ఒకరోజు కరెంటు బిల్లు వెనక లెక్కేసి చూపించాను. సెమిస్టరుకి పదహారు వారాలు. పండగలూ పబ్బాలూ పోను ఎనభై రోజులు. రోజుకి ఆరు పీరియడ్ల చొప్పున 480. అందులో ముప్పావు వంతు 360. ఇప్పటికి సగం సెమిస్టరు, అంటే 240 పీరియడ్లు అయిపోయాయి. వీడు వెళ్లినవి 132. యాభై అయిదు శాతం. ఇక 360 చేరాలంటే మిగిలిన 240లో 228కి వెళ్లాలి. ‘నీ చేతిలో ఇంకా పన్నెండు పీరియడ్లున్నాయిరా, అంటే రెండంటే రెండే రోజులు’ అన్నాను, మా సూపరింటెండెంటు నాతో మాట్లాడే గొంతుతో.

వాడు కరెంటు బిల్లు వైపు చూడనైనా చూడలేదు. ఫోను తీసి చూపించాడు. ఎన్ని క్లాసులకి వెళ్లాడో నొక్కితే ఇంకా ఎన్ని ఎగ్గొట్టవచ్చో చెప్పే యాప్ ఒకటుందట. నేను అరగంట కుస్తీపట్టి తేల్చిన పన్నెండూ అందులో ఎర్ర అంకెల్లో ముందే ఉంది. ‘తెలుసు నాన్నా, ఒకటి స్నేహితుడి అక్క పెళ్లికి, ఒకటి రిజర్వులో పెట్టా’ అన్నాడు. మా రాష్ట్ర బడ్జెట్టు ఇంత జాగ్రత్తగా వేస్తే మాకు డీఏ బకాయిలే ఉండవు.

మా రోజుల్లో అటెండెన్సు గొంతుకి సంబంధించిన విషయం. ఒకే గొంతుతో నాలుగు పేర్లకి నాలుగు రకాలుగా ‘ఎస్సార్’ అనగలిగినవాడికి హోటల్లో కాఫీ ఖర్చుండేది కాదు. ఇప్పుడది వేలిముద్రల విషయమైంది. వేలు మరొకరికి అరువివ్వలేం కదా. అందుకని పిల్లలు ప్రాక్సీలు మాని నిజంగానే బంక్ కొడుతున్నారు. సాంకేతికత మనుషుల్ని నిజాయితీపరుల్ని చేస్తుందంటే ఇదే కాబోలు. ఆ నిజాయితీ కూడా సాయంత్రం అయిదున్నరకి నా ఫోనుకి వచ్చి చేరుతుంది: ‘డియర్ పేరెంట్, యువర్ వార్డ్ ఈజ్ ఆబ్సెంట్ ఫర్ పీరియడ్స్ 1, 2, 5’. ఒకటీ రెండూ అర్థం చేసుకోగలను, బస్సు తప్పిపోయి ఉంటుంది. మరి మూడూ నాలుగూ కూర్చున్నవాడు అయిదులో ఎక్కడికి పోయాడు? ఆరుకి ఎలా తిరిగొచ్చాడు? అడిగితే, ‘ఆ సారు చెప్పేది స్లైడ్స్‌లో ఉంటుంది నాన్నా’ అంటాడు. ఆ స్లైడ్స్ చూశావా అంటే, అవి వాట్సాప్ గ్రూపులో ఉంటాయట. ఉండటమూ చూడటమూ ఒకటేనని వాడి నమ్మకం.

కిందటి సెమిస్టరులో హాజరు 71 దగ్గర ఆగిపోయింది. అప్పుడు నన్ను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన పెన్ను తీసి, ‘ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా?’ అన్నారు. నేను నోరు తెరిచేలోగా మావాడు, ‘మార్చిలో ఫెస్టు మూడు రోజులూ స్టేజీ మీద డాన్సు చేశాను సార్, ఫొటోలు అందరి దగ్గరా ఉన్నాయి. ఆ మూడు రోజులూ కాస్త తగ్గినట్టు రాయండి’ అన్నాడు. టైఫాయిడ్ కూడా సెలవు పెట్టుకునే కాలం వచ్చింది. డాక్టరుగారు కళ్లజోడు మీదుగా వాణ్ణి కాక నన్ను చూశారు. ఆయన తండ్రి దగ్గరే నేను 1999లో ఒక పచ్చకామెర్లు రాయించుకున్నాను. ఆ సంగతి ఆయనకి తెలిసే అవకాశం లేదు. అయినా చూశారు.

తప్పు వాడిది కాదని మా ఆవిడ వాదన. ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు గానీ, అందులో కొంత నిజం ఉంది. ఇంటర్మీడియట్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. తెల్లవారుజామున అయిదింటికి గంట. అయిదున్నరకి స్టడీ అవర్. టిఫినుకి గంట, క్లాసుకి గంట, రాత్రి పదింటికి నిద్రకి గంట. వారం వారం పరీక్ష, ఆదివారం కూడా. ఫోను లేదు, పేపరు లేదు, గేటు బయట ఏ సినిమా ఆడుతోందో తెలియదు. ఎప్పుడు లేవాలో, ఏ పేజీ చదవాలో, ఆకలి ఎన్నింటికి వేయాలో అన్నీ గంటే చెప్పేది. లోపల ఉండాల్సిన గంటని తీసి గోడకి తగిలించుకుని, ఆ పనికి మా దగ్గర లక్షల్లో ఫీజు కట్టించుకున్నారు. మేం కూడా మార్కులు చూసి మురిసిపోయి కట్టాం. ఇంజనీరింగులో చేరేసరికి గోడ మీద గంట లేదు. లోపలిది అప్పటికే తుప్పు పట్టింది. రెండేళ్లు బాకీపడిన నిద్ర వాడు వడ్డీతో సహా వసూలు చేసుకుంటున్నాడని మా ఆవిడ అంటుంది. చక్రవడ్డీ అనుకుంటాను.

ఇక చదువు. ప్రతి సబ్జెక్టుకీ అయిదు యూనిట్లు. వాటిని పదహారు వారాలకి పంచి చదవాలని ఎవరైనా అనుకుంటారు. మావాడు పదహారు గంటలకి పంచుతాడు. పరీక్ష ముందురోజు సాయంత్రం నాలుగింటికి ‘ఇంపార్టెంట్స్’ వస్తాయి. ఎవరు తయారుచేస్తారో, ఏ సీనియర్ నుంచి ఏ జూనియర్‌కి దిగివస్తాయో తెలియదు, అపౌరుషేయాలు. యూనిట్‌కి రెండు ప్రశ్నలు. ఆ రాత్రి నైట్ అవుట్. మా ఆవిడ రెండింటికి లేచి టీ పెడుతుంది. నాలుగింటికి వాడు పుస్తకం మీదే వాలిపోతాడు. మొదటి మిడ్ పోతే బాధపడడు. రెండు మిడ్స్‌లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజి ఉంటుందట, రెండోది బాగా రాస్తే సరిపోతుందట. మొత్తం ఇంటర్నల్స్ 30, ఎక్స్‌టర్నల్స్ 70. వాడు ఏ పాఠంలోనూ చూపించని తెలివి ఈ నిబంధనల్లో చూపిస్తాడు. రూల్సు పుస్తకం మీద పరీక్ష పెడితే యూనివర్సిటీ గోల్డ్ మెడల్ మా ఇంటికే వస్తుంది.

పుస్తకం కొనలేదని అనడానికి లేదు. థర్మోడైనమిక్స్‌కి పి.కె.నాగ్ గారి పుస్తకం కావాలన్నాడు, కొన్నాను. చాలా లావుపాటి గ్రంథం. రోజూ వాడుతున్నాడు కూడా. ల్యాప్‌టాప్ కళ్లకి సరైన ఎత్తులో ఉండాలట. దాని కిందే ఉంటుంది.

ఇంటి యజమానిగా నేను చేతులు కట్టుకుని కూర్చోలేదు. తగు చర్యలు తీసుకున్నాను. మొదట టైంటేబులు వేయమన్నాను. వాడు దానికి ఒక ఆదివారమంతా కేటాయించాడు. సబ్జెక్టుకో రంగు, చుట్టూ గీత, పైన ఒక స్ఫూర్తిదాయక వాక్యం. గోడకి అతికించాక అలసిపోయి పడుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. దాని కింద మా పిల్లి పడుకుంటుంది, సరిగ్గా వేళకి.

తర్వాత మా బావమరిది డాలస్ నుంచి ఫోను చేసి పొమొడోరో పద్ధతి చెప్పాడు. ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఆయన 1980ల చివర్లో, తాను చదువుకునే రోజుల్లో, మనసు నిలవక టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారం ఒకటి ముందు పెట్టుకున్నాడట. ఇరవై అయిదు నిమిషాలు చదువు, అయిదు నిమిషాలు విశ్రాంతి. ఇటలీ భాషలో పొమొడోరో అంటే టమాటాయేనట. ఆ కూరగాయకీ క్రమశిక్షణకీ సంబంధం ఉందంటే నమ్మడం నాకు కష్టం. 2023 వర్షాకాలంలో మదనపల్లె నుంచి మా రైతుబజారు దాకా అది ఏ క్రమశిక్షణ పాటించిందో సంచి పట్టుకుని చూసినవాణ్ణి. అయినా మొదలుపెట్టించాను. మా ఇంట్లో టమాటా గడియారం లేదు కాబట్టి కుక్కరు పెట్టాం. మూడు కూతలు వచ్చేదాకా చదవాలి. మొదటిరోజు చదివాడు. రెండోరోజు కందిపప్పుకి బదులు పెసరపప్పు పెట్టించమని వాళ్లమ్మని బతిమాలుతుండగా పట్టుకున్నాను. త్వరగా ఉడుకుతుందని.

మూడోది నా స్వహస్తాలతో చేసిన పరిశోధన. ఆఫీసులో తపాలా లేని ఒక మధ్యాహ్నం ఫోనులో చాలా చదివాను. 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపుల్ని తానే బట్టీపట్టి, ఎంత సేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కపెట్టాడు. నేర్చుకున్న మొదటి రోజే చాలా భాగం జారిపోతుందని తేలింది. 2010లో క్రెడె, ఇంకా కొందరు అమెరికా పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ పోగేసి చూస్తే, కాలేజీ మార్కులెలా వస్తాయో ప్రవేశపరీక్ష స్కోరు కన్నా క్లాసుకి వెళ్లాడా లేదా అన్నదే బాగా చెబుతోందట. ఇది వాడి ముందు పెట్టాను, ఫైలు మీద ఎర్ర ట్యాగు కట్టినంత ధీమాగా. వాడు తీసుకుని, నాగ్ గారికి ఎన్నడూ దక్కని శ్రద్ధతో వెతికి, ‘నాన్నా, హాజరు తప్పనిసరి చేస్తే వచ్చే లాభం కొంచెమేనని కూడా ఇందులోనే ఉంది’ అన్నాడు. చూశాను. ఉంది.

ఆ రోజు నుంచి నేను తపాలా లేని మధ్యాహ్నాలు నిద్రపోతున్నాను.

ఇంతలో మా అమ్మ గదిలో టీవీ సెట్‌టాప్ బాక్సు పాడైంది. అమ్మకి డెబ్బై ఎనిమిది. రాత్రి ఏడున్నర సీరియల్‌కి ఆవిడ హాజరు చెప్పుకోదగ్గది. కళ్ల ఆపరేషనైన రోజు కూడా కట్టుతోనే విన్నది. బాక్సు బాగుచేసేవాడు రేపు రేపు అంటూ పదిరోజులు తిప్పాడు. రెండోరోజు రాత్రి ఆవిడ ముందు గోరుచిక్కుళ్లు పోసుకుని ఈనెలు తీస్తూ, అటుగా పోతున్న మనవణ్ణి పట్టుకుంది.

‘చంటీ, ఇలా కూర్చో. ఇవాళ మీ కాలేజీలో ఏం చెప్పారో చెప్పు.’

‘నీకర్థం కాదు మామ్మా.’

‘నీకర్థమైంది చెప్పరా, నాకెందుకు కాదూ?’

అదృష్టం కొద్దీ ఆ రోజు వాడు కాలేజీకి వెళ్లాడు. కార్నో ఇంజన్ గురించి చెప్పారన్నాడు.

‘కార్నో ఎవరు? ఏ ఊరు? పెళ్లయిందా?’

వాడు తెల్లమొహం వేశాడు. ఫోనులో వెతికి చెప్పాడు. సాది కార్నో అని ఫ్రాన్సువాడు. 1824లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, వేడి నుంచి ఎంత పని రాబట్టవచ్చో చెబుతూ చిన్న పుస్తకం రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1832లో కలరా వచ్చి పోయాడు. ముప్పై ఆరేళ్లు.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. ‘అయ్యో. మరి ఆ పుస్తకం?’

‘రేపు చెబుతాలే మామ్మా.’

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మర్నాడు వాడు కాలేజీ మాని స్నేహితుడి అక్క పెళ్లికి వెళ్లాడు. రాత్రి ఆవిడ చిక్కుళ్లు లేకుండానే సిద్ధంగా కూర్చుంది. ‘వెళ్లలేదు మామ్మా’ అంటే, సీరియల్లో విషం కలిపిన పాలగ్లాసు పెదాల దాకా వచ్చాక కరెంటు పోయినప్పుడు చూసే చూపు చూసింది. తిట్టలేదు. ‘అయితే రేపు రెండు రోజులదీ కనుక్కుని రా నాయనా. ముసల్దాన్ని, ఎన్నాళ్లుంటానో’ అంది. ఈ ఆయుధం పాతికేళ్ల కిందట నా మీద కూడా ప్రయోగించింది. దీనికి విరుగుడు లేదు.

వాడు వెళ్లాడు. క్లాపెరాన్ అనే ఇంకో ఫ్రెంచివాడు 1834లో ఆ పుస్తకాన్ని బయటికి తీశాడనీ, తర్వాత కెల్విన్, క్లాసియస్ చేతికి వచ్చిందనీ చెప్పాడు. అమ్మకి ప్రాణం లేచొచ్చింది. ‘పోన్లే, పోయాకైనా గుర్తించారు’ అంది. అప్పట్నుంచి పద్ధతి స్థిరపడింది. ముందు నిన్నటి కథ చెప్పాలి, చూడకుండా. తర్వాత ఇవాల్టిది. ఇంగ్లీషు ముక్క వస్తే ‘అది తెలుగులో చెప్పు’. దాటేస్తే పట్టుకుంటుంది. ముప్పై ఏళ్లు సీరియళ్లు చూసిన మనిషి, ఏ పాత్ర ఎక్కడ మాయమైందో ఆవిడకి తెలియకుండా పోదు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు చేసిన ప్రయోగం కూడా నేను వాడికి చదివి వినిపించాను. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కన్నా, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకున్నవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుందని. నేను చెబితే ఆవులించాడు. అదే పని మా అమ్మ గోరుచిక్కుళ్లతో చేయించింది.

ఒకరోజు ఎంట్రోపీ వచ్చింది. ‘వేడి దానంతటది చల్లటి వస్తువు నుంచి వేడి వస్తువుకి పోదు మామ్మా’ అన్నాడు.

‘పోదని తెలుసు. మీ నాన్న కాఫీ రోజూ చూస్తూనే ఉన్నాగా. ఎందుకు పోదు?’

వాడు నోరు తెరిచాడు, మూశాడు. లేచి గదిలోకి వెళ్లాడు. నేను తలుపు సందులోంచి చూశాను. ల్యాప్‌టాప్ రెండంగుళాలు కిందికి దిగింది. నాగ్ గారు బల్ల మీదికి వచ్చారు. కొన్నప్పటి నుంచి మొదటిసారి ఆయన వెన్ను విరిగిన చప్పుడు విన్నాను.

మొదటి లెక్క తర్వాత గడిచిన ఇరవై రోజులదీ మళ్లీ కరెంటు బిల్లు వెనకే వేశాను. ఇప్పటిదాకా జరిగిన 360 పీరియడ్లకి 246. అరవై ఎనిమిది చిల్లర. ఆరు పీరియడ్లే పోయాయి, అవి స్నేహితుడి అక్క పెళ్లివి. రిజర్వు రోజు ఇంకా అలాగే ఉంది. అలారాలు రెండుకి తగ్గాయి. పక్కవాటావాళ్ల సంగతి ఏమవుతుందో చూడాలి.

ఇందులో ఫిర్యాదు ఏముందని మీరు అడగవచ్చు. చాలా ఉంది. సెట్‌టాప్ బాక్సు బాగైంది, కానీ ఏడున్నరకి పాఠం, ఎనిమిదికి సీరియల్ పునఃప్రసారం అని ఆవిడ తీర్మానించింది. నా వార్తల చర్చ గల్లంతైంది. నా కాఫీ నాకు వేడిగా అందడం లేదు. అది చల్లారుతుంటే ముగ్గురూ చుట్టూ చేరి చూస్తున్నారు. మొన్న వాడు, ఎంత గొప్ప ఇంజనైనా ఇచ్చిన వేడినంతా పనిగా మార్చలేదనీ, కొంత బయటికి పోవాల్సిందేననీ చెప్పాడు. అమ్మ శ్రద్ధగా విని, ‘అంటే ఎంత తిండి పెట్టినా నూటికి నూరూ పని చేసేది ఉండదన్నమాట’ అని నావైపు తిరిగింది.

ఆ తిరగడం తిరగడం అలాగే ఉండిపోయింది.

‘నువ్వు చెప్పరా. ఇవాళ ఆఫీసులో ఏం చేశావు?’

‘ఫైళ్లు చూశానమ్మా.’

‘ఏ ఫైలు? ఎవరిది? ఏమైంది?’

ఒక పెన్షను ఫైలుందని చెప్పాను. రిటైరైన టీచరు, గోకవరం వైపు ఊరు. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ తప్పుపడింది. అమ్మ చిక్కుళ్లు పక్కన పెట్టింది. మర్నాడు రాత్రి ఏడున్నరకి నా కుర్చీ వాడి కుర్చీ పక్కన వేసి ఉంది. ‘ఆ టీచరు ఫైలు ఎంతవరకొచ్చింది?’ అంది. ఇంకా నా బల్ల మీదే ఉందన్నాను. ఆ మర్నాడూ అదే అడిగింది. అదే చెప్పాను. మావాడు తల వంచుకుని నవ్వుకుంటున్నాడు.

నా ఖాతాలో ఇంకా నాలుగు సీఎల్స్ ఉన్నాయి. రేపు ఒకటి పెట్టేద్దామా అని చూస్తున్నాను. కానీ సెలవు పెడితే పగలంతా ఇంట్లో ఆవిడ ఎదురుగానే కూర్చోవాలి.